అక్క గడ్డం, అంటు మైనం

మా అక్క మొహం పాడుచేసింది నేనే. అప్పటికి చిన్నపిల్లనని తప్పించుకోవచ్చు గానీ, చేతులు మాత్రం నావే.

అరవైల మొదట్లో మాట. నూజివీడులో మా నాన్న మామిడికాయల వ్యాపారం చేసేవారు. చాట్రాయి దారిలో సొంత తోట కూడా ఉండేది. అక్క ఆ ఏడు ఎస్సెల్సీకి వచ్చింది. మా ఇంట్లో ఆడపిల్ల అంతదాకా చదవడం అదే మొదలు. ఆ పరీక్ష పోతే చదువు అంతటితో సరి అని నాన్న ముందే తేల్చేశారు. పాసవుతానా లేదా అన్న దిగులు అక్కకి లేదు, లెక్కలు నోటితోనే చేసేసేది. తన దిగులంతా గడ్డం గురించే. చుబుకం కింద, చెంపల పక్కన నల్లటి వెంట్రుకలు మొలిచాయి. వెనక బెంచీ పిల్లలు "మంగలిని పిలవమంటావా?" అని అడిగారట.

వానలు పడగానే మా తోటలో మామిడి అంట్లు కట్టేవారు. ఆ పని చేసే తాత తేనెమైనం, గుగ్గిలం కలిపి డబ్బాలో కరిగించి, గుడ్డపీలికలు అందులో ముంచి, చిన్న మొక్క కాడని పెద్ద చెట్టు కొమ్మకి ఆనించి చుట్టేవాడు. పీలికలు అందిస్తున్న నా ముంజేతికి ఒకటి అంటుకుపోయింది. పీకితే నూగంతా ఊడొచ్చింది. నా తెలివికి నేనే మురిసిపోయి, తాతనడిగి ఒక డబ్బా మైనం ఇంటికి తెచ్చాను.

ఆదివారం మధ్యాహ్నం అమ్మ కునుకు తీస్తుంటే కుంపటి మీద మైనం కరిగించాం. అక్క కళ్లు మూసుకుని కూర్చుంది. నేను పీలిక అంటించి, వెంట్రుక మొలిచిన దిక్కుకి ఎదురుగా ఒక్క గుంజు గుంజాను. అక్క అరవలేదు, నా మోకాలు గట్టిగా పట్టుకుంది. అంతా అయ్యాక అద్దంలో చూసుకుని, గడ్డం నిమురుకుంటూ చాలాసేపు నవ్వింది. ఆ నవ్వు చూడ్డానికి మళ్లీ అయినా చేద్దామనిపించింది. చేశాను కూడా.

ఎర్రబడిన చర్మానికి ఏం చెయ్యాలో మాకు తెలిస్తేగా. తోటలో చూసిందే మా వైద్యం. కట్టు ఎంత బిగిస్తే అంటు అంత బాగా అతుకుతుందని తాత రోజూ అనేవాడు. అందుకని పసుపు ముద్ద మందంగా పట్టించి, పైన గుడ్డ వేసి, చెవుల మీదుగా బిగించి కట్టేశాను. పంటినొప్పి అని అమ్మతో అబద్ధమాడి అక్క మర్నాటిదాకా విప్పలేదు. గాలి తగలకపోతే చెట్టు అతుకుతుంది, మనిషి చర్మం చీము పడుతుంది.

పదిరోజులకి గడ్డం నిండా కురుపులు లేచాయి. ఒక్కోదాంట్లో సన్నటి నల్లగీత, బయటికి రాలేక లోపలే చుట్టుకుపోయిన వెంట్రుక. పిన్నీసుతో తవ్వాను. ఒకటి వస్తే పక్కన రెండు లేచేవి. అమ్మ చూసి నెత్తి బాదుకుని ఆస్పత్రికి తీసుకెళ్లింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే.

డాక్టరమ్మ కోప్పడలేదు. "వేణ్ణీళ్లలో గుడ్డ ముంచి రోజూ కాపడం పెట్టండి. మెత్తటి సున్నిపిండితో తేలిగ్గా రుద్దండి. కట్లూ గిట్లూ వద్దు, గాలి ఆడనివ్వండి. లోపలున్న వెంట్రుక దానంతటదే బయటికొస్తుంది. పీకడం మాత్రం మానెయ్యాలమ్మా, పెరగనివ్వాలి" అన్నారు.

"ఎంత పెరగాలండీ?" అని అడిగింది అక్క.

"కనపడేంత" అన్నారావిడ.

కురుపు మానాలంటే వెంట్రుక పెరగాలి. వెంట్రుక పెరిగితే అక్క బడి గడప తొక్కలేదు. చెప్పినట్టే కాపడాలు పెట్టాం, సున్నిపిండి రుద్దాం. కురుపులు నిజంగానే మానేవి. మానిన వారానికి గడ్డం నల్లబడేది. "ఈ ఒక్కసారికి లాగవే, అమ్మకి చెప్పన్లే" అని బతిమాలేది. నేను లాగేదాన్ని. మళ్లీ కురుపులు. బడికి వెళ్లిన రోజులకన్నా ఓణీ చెంగు మొహాన కప్పుకుని గదిలో పడుకున్న రోజులే ఎక్కువయ్యాయి. అయినా పరీక్షకి కూర్చోనిస్తామని హెడ్మాస్టరుగారు దయతలచి కబురు పంపారు.

పరీక్ష రోజు పొద్దున్నకి కురుపులన్నీ మాని ఉన్నాయి. వెంట్రుకలూ ఉన్నాయి. అక్క జడ వేసుకుని, పెన్నులో సిరా పోసుకుని నా ఎదుట కూర్చుంది.

"లాగు. లాగితేనే వెళ్తా."

"వద్దక్కా, ఇలాగే వెళ్లు. ఎవరు చూస్తారు?"

"నువ్వు చూట్టంలా?"

మైనం కుంపటి మీద పెట్టాను. కంగారులో ఎక్కువ కాగిపోయింది. గుంజేసరికి పీలికతో పాటు పైచర్మం లేచొచ్చింది.

అక్క అద్దం అడిగింది. ఇవ్వనన్నాను. లాక్కుని చూసుకుంది. ఏడవలేదు. పెన్ను విప్పి, సిరా మళ్లీ బుడ్డిలోకి వంపేసి, గోడవైపు తిరిగి పడుకుంది.

"టైమవుతోంది, అమ్మాయి బయల్దేరిందా?" అని వీధిలోంచి నాన్న కేకేశారు. ఇంకాసేపట్లో వెళ్తానంటుందేమోనని నేను తన పక్కనే కూర్చున్నాను. బడి గంట కొట్టారు. వద్దని ఇంకొక్కసారి గట్టిగా అనుంటే, అక్క ఆ గడ్డంతోనే వెళ్లి పరీక్ష రాసేది. నేను అనలేదు.