పడుగుకు ఇవతల

ఆరో నెలకే నా కడుపు నిండు నెలల కడుపంత అయింది. మంత్రసాని తడిమి చూసి, చేతికి రెండు తలలు తగులుతున్నాయని చెప్పింది. మా అత్త ఆ రోజు సందంతా బెల్లం పంచింది. నాకేమో కాళ్లు ఉబ్బి మెట్టెలు వేళ్లలోకి దిగబడ్డాయి. అద్దంలో ముఖం చూసుకుంటే ఇంకెవరిదో అనిపించేది. కవల కడుపంటే అంతేలే అన్నారు అందరూ. అందరికీ అన్నీ తెలుసు, మోసేది మాత్రం నేను.

మాది కమలాపురం దగ్గర నేతగాళ్ల ఊరు. అప్పటికింకా తెల్లదొరల కాలమే. మగ్గానికెక్కించే ముందు నిలువు పోగులన్నీ సందు పొడవునా చాచి, కుంచెలతో గంజి పట్టిస్తారు. అదే పడుగు. మా సందు ఇరుకు కాబట్టి, గంజి పెట్టే రోజు గడప ముందంతా నూలే. అవతలికి పోవాలంటే వంగి కింద దూరాలి. కడుపుతో ఉన్న మనిషి అలా దూరితే బొడ్డుతాడు బిడ్డ మెడకు చుట్టుకుంటుందని మావాళ్ల భయం. అందుకే ఆ రోజు నేను ఇంట్లోనే ఉండాలి.

ఏడో నెలలో అలా పడుగు చాచిన ఒక పొద్దున, లేస్తూనే తలనొప్పి. ఎండ వచ్చేసరికి కళ్ల ముందు మెరుపులు మొదలయ్యాయి. రొమ్ముల కింద ఎవరో గుద్దినట్టు నొప్పి. గడప పట్టుకుని పిలిచాను.

“అత్తా, కండ్లు మసకలు కమ్ముతాండాయి. తల పగిలిపోతాంది. నన్ను ఆస్పత్రికి తీసకపోండి.”

“రవ్వంత ఓర్చుకో మ్మే, పడుగు ఆరనీ,” అంది అత్త, చేతిలో కుంచె ఆపకుండానే. “ఇప్పుడు దూరితే బిడ్డల గతి ఏం కావాల?”

మా ఆయన అవతలి పక్క కుంచె లాగుతున్నాడు. చేయి ఆపితే గంజి బిగిసి పోగులు అట్టకట్టిపోతాయి. ఆయన నన్ను చూశాడు, పడుగును చూశాడు, మళ్లీ కుంచె లాగాడు. ఆ చూపు మీద కోపం నాకు ఇన్నేళ్లయినా చల్లారలేదు.

లోపలికి పోయి పడుకున్నాను. బిడ్డలు కదులుతుంటే ఏడుపొచ్చింది. వాళ్లు నాలో ఇరుక్కున్నారు, నేను ఆ గదిలో ఇరుక్కున్నాను. పిలిస్తే వినపడేంత దగ్గరలో అందరూ ఉన్నారు, వచ్చేవాళ్లు మాత్రం లేరు. వాంతి అయింది. తల తిప్పి చూస్తే తలుపు ఎక్కడుందో తెలియలేదు. ఇక్కడే చచ్చిపోతానని గట్టిగా అనిపించింది.

గోడ తడుముకుంటూ గడప దాటాను. నేల మీద చేతులానించి, పాకుతూ పడుగు కింద దూరాను. గంజి పోగులు కొప్పుకు అంటుకుని పుటుక్కుమని తెగాయి. అత్త నోరు కొట్టుకుంటూ అరిచింది. అప్పుడు గానీ మా ఆయన కుంచె పారేసి నన్ను ఎత్తుకోలేదు.

కడప ఆస్పత్రిలో దొరసాని డాక్టరు, ఇంకొంచెం ఆలస్యమైతే మూర్ఛలు వచ్చి ముగ్గురూ పోయేవాళ్లని నర్సు చేత చెప్పించింది. చీకటి గదిలో, ఉప్పులేని జావతో, ఎనిమిదో నెల దాకా మంచం దిగనివ్వలేదు. అదీ చెరే, కానీ పిలిస్తే పలికే చెర.

ఇద్దరూ ఆడపిల్లలే. మొదటిది ఊపిరి లేకుండానే వచ్చింది. దాని మెడకు ఏమీ లేదు. రెండోదాని మెడకు బొడ్డుతాడు గట్టిగా చుట్టుకుని ఉంది. నర్సు తాడు తప్పించగానే అది కేరుమంది. పక్కనే నిలబడిన మా అత్త అంతా కళ్లారా చూసింది.

ఇంటికి రాగానే సందులో ఆడవాళ్లంతా మూగారు.

“పోయినదాని మెడకే తాడు సుట్టుకోని ఉండె,” అంది అత్త. “పడుగు కింద దూరింది గదా!”

ఒళ్లు మండిపోయి తలెత్తాను. అత్త నా వైపు చూడలేదు. నా ఒళ్లోని పిల్ల మెడ మీదికి గుడ్డ లాగి కప్పుతోంది. అప్పుడర్థమైంది. నిజం చెబితే, మెడకు తాడుతో పుట్టి తోడబుట్టినదాన్ని మింగిందని ఈ సందు ఆ పిల్లను బతికినన్నాళ్లూ వేలెత్తి చూపుతుంది.

నోరు మూసుకున్నాను. నా బిడ్డను నేనే చంపుకున్నానని ఆ సందులో ఇప్పటికీ అనుకుంటారు. అనుకోనీ.