పచ్చరంగులో పెట్టిన చుక్క

మొన్న ప్రొద్దుటూరు ఆసుపత్రిలో, పుట్టి మూడు రోజులైనా నిండని మా మనవరాలిని ఒక నర్సమ్మ ఒళ్లో పెట్టుకొని, చెవిలో మెత్తటి చిన్న గొట్టం ఉంచి, చేతిలోని మిషను వైపు చూసి, బిడ్డకు బాగా వినపడుతోందని చెప్పి కాగితం మీద టిక్కు పెట్టి పోయింది. పట్టుమని ఐదు నిమిషాలు పట్టలేదు. మా కోడలు సరేనని తలూపి ఫోను చూసుకుంటూ ఉంది. నేను మాత్రం లేచి వరండాలోకి వచ్చి కూర్చున్నాను.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, మేము అంగన్‌వాడీల్లో టీచర్లుగా చేరిన కొత్తలో పిల్లవాడు బాగున్నాడంటే బరువున్నాడనే అర్థం. దూలానికి వేలాడదీసిన తక్కెడలో పిల్లలను కూర్చోబెట్టి, నెలనెలా బరువు కార్డులో చుక్క పెట్టేదాన్ని; చుక్క పచ్చరంగులో పడిందా, ఇక ఆ బిడ్డ గురించి దిగులు లేదు. జమ్మలమడుగు శివార్లలో నా కేంద్రం, రెండిళ్ల అవతల మా చెల్లెలి ఇల్లు, రెంటికీ వెనకే బండలు కోసే మిషను. పొద్దున మొదలైతే పొద్దు గూకేదాకా ఆ రొద ఆగేది కాదు. అందుకే ఆ వీధిలో అన్నం తిన్నావా అని అడగాలన్నా, కొళాయికి నీళ్లొచ్చాయని చెప్పాలన్నా చెయ్యి ఊపడమే. రాత్రి మిషను ఆగినా అలవాటుకొద్దీ చేతులే ముందు లేచేవి.

మా చెల్లెలి కొడుకు ఆ రొదలోనే ఉయ్యాలలో హాయిగా నిద్రపోయేవాడు. ఎంత బుద్ధిమంతుడో అని వీధంతా మురిసిపోయింది, అందరికంటే ఎక్కువ నేనే మురిశాను. వేళకు బోర్లాపడ్డాడు, ఏడాదికి అడుగులేశాడు. అన్నానికి పిలవడానికి నేను పళ్లెం మీద గరిటెతో కొడితే, మిగతా పిల్లలు పరిగెత్తడం చూసి వాడూ వచ్చి వరుసలో కూర్చునేవాడు. రెండేళ్లు దాటినా మాట రాకపోతే మా అమ్మ వసకొమ్ము అరగదీసి నాలుకకు రాసింది. వాళ్ల నాయనకూ నాలుగేళ్లకు గాని మాటలు రాలేదని వాళ్ల అవ్వ సర్దిచెప్పింది. వాడి నాలుక వంక చూడనివారు లేరు, చెవుల సంగతి ఒక్కరికీ తట్టలేదు. చెల్లెలికి మనసొప్పక, టీచరువు గదా నువ్వే చూసి చెప్పమని రెండుసార్లు నా దగ్గరికి వచ్చింది. నేను కార్డు తీసి పచ్చరంగులోని చుక్కలు చూపించి, మగపిల్లలకు మాటలు ఆలస్యమేనని పెద్దరికంగా చెప్పి పంపాను. ఆ పెద్దరికం తలుచుకుంటే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

వాడికి నాలుగేళ్లు నిండిన ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయి మిషను ఆగింది. వాడు మా వైపు వీపు పెట్టి మట్టిలో ఆడుకుంటున్నాడు. చెల్లెలు వాకిట్లోంచి పేరుపెట్టి పిలిచింది, మళ్లీ పిలిచింది. అంతలో నా చేతిలోని పళ్లెం జారి బండల మీద ఖంగుమని పడితే పిల్లలందరూ ఉలిక్కిపడ్డారు. వాడు మాత్రం తల తిప్పలేదు. చెల్లెలు అంతా చూసి, మెల్లగా నా దగ్గరికి వచ్చింది.

"బాగుండాడనే గదక్కా నెలనెలా రాసినావు," అనింది.

తిట్టినా బాగుండేది. కర్నూలుకు తీసుకుపోతే, పుట్టుకతోనే వినికిడి లేదని, రెండేళ్లలోపు తెచ్చివుంటే చెవికి మిషను పెట్టి మాటలు నేర్పడానికి వీలుండేదని డాక్టరు చెప్పాడు.

ఇప్పుడు మూడోనాడే చూస్తున్నారు, మంచిదే. ఆ రోజులే బాగుండేవని నా తోటివాళ్లు అంటూ ఉంటే నాకు కడుపు మండుతుంది, ఎవరికి బాగుండేవి? వాడికి ముప్పై దాటింది, అదే బండల మిషను దగ్గర కూలికి పోతాడు. తక్కినవాళ్లు చెవుల్లో దూది పెట్టుకుంటారు, వాడికి ఆ అక్కర లేదు. నేను కనబడితే నవ్వి, అన్నం తిన్నావా అని చెయ్యి ఊపుతాడు, నేనూ ఊపుతాను. సాయంత్రం మిషను ఆగాక మా చెల్లెలు మాత్రం ఇప్పటికీ వాడిని వెనకనుంచి ఒకసారి పేరుపెట్టి పిలిచి, కాసేపు చూసి, ఆ తర్వాతనే వెళ్లి భుజం తడుతుంది.