కోతకు ముందే చింపిన ఆకు

నా మనవరాలినీ మనవడినీ విడదీసి చెరో ఇంటికీ పంచేశారు. అక్కని తల్లికిచ్చారు, తమ్ముణ్ణి తండ్రికిచ్చారు. పిల్లలిద్దరూ అక్కడే ఉన్నా వాళ్ళని ఒక్క మాట అడగలేదు. అప్పటికి చేలో చోడి కంకులు, రాగులంటారే అవి, ఇంకా పచ్చిగానే ఉన్నాయి.

నా కొడుకూ కోడలూ విడిపోవడమే తప్పని నేను అనడం లేదు. పొసగని వాళ్ళు విడిపోతారు. మా కొండల్లో అది ఎప్పుడూ ఉన్నదే. పల్లపు ఊళ్ళవాళ్ళలా దాన్ని మేం పరువు తక్కువగా చూడం. కానీ విడిపోవడానికీ ఒక పద్ధతి ఉండేది. ఆ పద్ధతి ఎలా పోయిందో, దానివల్ల ఇద్దరు పసివాళ్ళు ఏమయ్యారో చెప్పాలనే ఇది రాస్తున్నాను. చెప్పి చెప్పి నోరు అలిసిపోయింది. కాగితం మీద పెడితే మధ్యలో లేచిపోయేవాళ్ళు ఉండరు కదా.

డుంబ్రిగుడ సంతకి గంటలో నడిచి వెళ్ళగలిగే ఊరు మాది. నేను బడికి వెళ్ళినవాణ్ణి కాదు. సంతలో ఎండుచేపలు కట్టి ఇచ్చిన పాత పేపర్లు పారెయ్యకుండా దాచుకుని, బస్సు బోర్డులతో పోల్చుకుంటూ అక్షరాలు నేర్చుకున్నాను. నా చదువుకి ఇప్పటికీ కాస్త నీచు వాసనుంటుందని మా ఆవిడ నవ్వేది. ఆవిడ పోయి చాలాకాలమైంది. నాకు మాత్రం ఏదీ మరపురాదు. వయసు మీద పడ్డాక అది వరం కాదు, రోగం.

పద్ధతి ఏమిటో చెబుతాను. మా దగ్గర మొగుడూ పెళ్ళాం విడిపోవాలంటే పెద్దల ముందు కూర్చుని ఒక అడ్డాకుని చెరో కొసా పట్టుకుని చింపాలి. మేం విస్తర్లు కుట్టుకునే ఆకే అది. చింపితే తెగిపోయినట్టే. కానీ ఆకు తెమ్మనే ముందు ఊరి పెద్ద ఒక ప్రశ్న అడిగేవాడు: "ఈ ఏడు ఏటేసారు?" కొట్టాడా, తిట్టిందా, ఎవరితో పోయారు, అవన్నీ తరవాత. ముందు, చేలో ఏం వేశారు? కలిసి విత్తినవాళ్ళు కలిసి కోసుకోవాలి. కోత అయ్యేదాకా ఆకు చింపేది లేదు.

పెళ్ళయిన కొత్తలో నేనూ మా ఆవిడా అలాగే పెద్దల దగ్గరికి వెళ్ళాం. కారణం ఇప్పుడు చెబితే మీరు నవ్వుతారు, నేనూ నవ్వుతాను. అప్పుడు మాత్రం నవ్వు రాలేదు. "ఏటేసారు?" అన్నాడు అప్పటి పెద్ద. చోళ్ళు వేశాం అన్నాం. "అయితే కోసుకుని రండి" అని చుట్ట వెలిగించుకున్నాడు.

కోశాం. మాటల్లేవు. కంకులు కుప్ప వేసి కొట్టాం. అప్పుడూ మాటల్లేవు. తూర్పారబట్టే దగ్గర మాత్రం తప్పలేదు. ఒకరు ఎత్తు మీద నిలబడి చేటతో పోయాలి, ఇంకొకరు కింద రాశి మీద పడ్డ పొట్టుని చీపురుతో తోసెయ్యాలి. గాలి ఆగితే ఆపమనాలి, వీస్తే పొయ్యమనాలి. మూగగా ఉంటే గింజలు గాలిపాలవుతాయి. "ఆపు" అంది. ఆపాను. "ఇప్పుడు పొయ్యి" అంది. పోశాను. కళ్ళం అయ్యేసరికి మా మధ్య ప్రేమ పుట్టుకొచ్చిందని అనుకోకండి. కోసి, కొట్టి, పోసి, మోసి ఇద్దరం ఎంత అలిసిపోయామంటే పెద్దల దగ్గరికి మళ్ళీ వెళ్ళే ఓపిక ఇద్దరిలోనూ లేకపోయింది. మా కాపురం ఆ అలసట మీదే నిలబడింది. అలా నిలబడిన కాపురాలు మా ఊళ్ళో ఇంకా ఉన్నాయి, పేర్లు ఎందుకులెండి.

నా కొడుకు టూరిస్టుల కారు నడుపుతాడు. విశాఖపట్నంలో గది తీసుకున్నాడు. కోడలు కొండ దిగనంది. ఇక్కడ కాఫీ తోటలున్నాయి, కూలి ఉంది, పిల్లలకి బడి ఉంది, ఆ ఇరుకు గదిలో ఏం చెయ్యను అంది. వాడు వచ్చేది తక్కువయింది. ఫోన్లోనే కాపురం, ఫోన్లోనే తగువు. సిగ్నల్ కోసం కోడలు గట్టెక్కి నిలబడి అరిచేది. ఊరంతటికీ వినబడేది. చివరికి ఒక కార్తీక మాసంలో, అరకు నిండా పిక్నిక్కుల జనం ఉన్నప్పుడు, ఇద్దరూ పెద్దల ముందు కూర్చున్నారు.

"బేగి తేల్చీండి. మజ్జానం పార్టీని స్టేషన్ కాడ దింపాల," అన్నాడు నా కొడుకు, కారు తాళం వేలికి తిప్పుకుంటూ.

ఇప్పటి ఊరి పెద్ద నాకు బావ వరస. "తేల్చడానికేటుంది? పిల్లలిద్దరు, కన్నోళ్ళిద్దరు. గుంటడు మన వొంసపోడు, మన ఇంట ఉంటాడు. గుంట తల్లితో ఎల్తాది. ఎవులికీ అన్నేయం నేదు."

నేను లేచాను. "బావా, ఏటేసారని అడగవేటి? సేలో పంటుంది."

"పంటా? ఆడు కారు మీదుంటాడు, ఆ పిల్ల కాఫీ పళ్ళకెల్తాది. ఏసిందెవులు? నువ్వు. కోసీదెవులు? నువ్వు. మరి నువ్వెవుల్తో ఇడిపోతావో సెప్పు, ఆకు తెప్పిత్తాను."

అందరూ నవ్వారు. నా కొడుకూ నవ్వాడు. కోడలు ఒక్కతే నవ్వలేదు.

"మేకపిల్లల్ని పంచినట్టు పంచుతావేటి?" అన్నాను.

"మేకలైతే ఇంకా సూసి పంచుదుం బావా. పాలు తాగీదేదో, మేసీదేదో సూద్దుం," అన్నాడు. హాస్యానికే అన్నాడు. ఎంత నిజం అంటున్నాడో ఆయనకి తెలియదు.

ఆకు తెచ్చారు, చింపారు. చింపుతుంటే నా మనవడు అదేదో ఆటనుకుని, ఇంకో ఆకు పట్టుకొచ్చి ఒక కొస అక్క చేతికివ్వబోయాడు. అక్క వాడి చేతి మీద ఒక్కటి కొట్టింది. ఆకు కింద పడింది. వాడు ఏడవలేదు, తెల్లబోయి చూశాడు. మధ్యాహ్నానికి కోడలు కూతుర్ని వెంటబెట్టుకుని సంతకి అవతల ఉన్న పుట్టింటికి వెళ్ళిపోయింది. కొడుకు పార్టీని దింపడానికి వెళ్ళిపోయాడు. తండ్రికిచ్చామన్న పిల్లాడు నా దగ్గర మిగిలాడు. చోళ్ళు నేను కోశాను. తూర్పారబట్టడానికి పక్కింటావిడని బతిమాలుకున్నాను.

ఆ తరవాత పిల్లలిద్దరూ కలుసుకునే చోటు సంత ఒక్కటే అయింది. వారం వారం మనవణ్ణి తీసుకుని నేను వెళ్ళేవాణ్ణి. కోడలు కూతురితో వచ్చేది. మొదట్లో జనాన్ని తోసుకుంటూ ఒకరి మీద ఒకరు పడేవారు. జంతికల పొట్లం కొనిస్తే లాక్కునేవారు, గిచ్చుకునేవారు, జుట్టు పట్టుకునేవారు. "ఆపండ్రా" అని కోడలూ నేనూ చెరో పక్కా లాగేవాళ్ళం. ఊళ్ళో ఉన్నప్పుడు ఆ గోలకి నాకు తల నొప్పొచ్చేది. సంతలో అది చూడ్డానికే నడిచి వెళ్ళేవాణ్ణి.

ఆ ఏడు తిరిగేసరికి కొట్టుకోవడం మానేశారు. ఎవరూ చెప్పకుండానే మానేశారు. పొట్లం విప్పి, పెళ్ళిలో వడ్డించినట్టు, "నువ్వు తిను" అంటే "నువ్వు తిను" అనుకునేవారు. చుట్టాల్లా నిలబడేవారు. చూసినవాళ్ళు "ఎంత బుద్ధిమంతులో" అన్నారు. నాకు భయమేసింది. తోడబుట్టినవాళ్ళు మర్యాద ఇచ్చిపుచ్చుకుంటున్నారంటే మధ్యలో ఏదో చచ్చిపోతున్నట్టే.

ఒకసారి గాజుల దుకాణం నడిపే ఆవిడ మనవణ్ణి అడిగింది: "మీ యక్కేటిరా?" వాడు కాసేపు ఆలోచించాడు. ఆలోచించాల్సిన ప్రశ్నా అది? "అక్కే," అన్నాడు. "కానీ ఆల్ది వేరే ఊరు."

మనవరాలు ఇంకో రకంగా మారింది. ఏదీ అడగడం మానేసింది. అంతకు ముందు రిబ్బనని, పిప్పరమెంటని చొక్కా పట్టుకు లాగేది. ఇప్పుడు "ఏటి కావాలే?" అంటే "ఏటీ వొద్దు తాతా." వాళ్ళమ్మ బుట్ట మొయ్యడం, నీళ్ళు తేవడం, మాట పడకుండా మసలుకోవడం. తను బరువైతే మళ్ళీ ఎవరికో పంచేస్తారని దాని భయం. నేను అడిగి తెలుసుకున్నది కాదు. దాని వంగిన మెడ చూస్తే తెలుస్తుంది.

ఇద్దర్నీ మళ్ళీ ఒక్కచోట చేర్చాలి. అది తప్ప నాకు వేరే కోరిక లేకపోయింది. పెద్దయ్యాక కలుస్తారులే అన్నారు కొందరు. పెద్దయ్యాక కలిసేది అక్కా తమ్ముడూ కారు, ఎరిగున్న ఇద్దరు మనుషులు.

బావ దగ్గరికి వెళ్ళాను. "సింపిన ఆకు కుడతావేటి?" అన్నాడు. "ఆకు సంగతి కాదు, పిల్లల సంగతి" అన్నాను. "అదీ ఇదీ ఒకటే" అన్నాడు. కొడుక్కి ఫోన్ చేశాను. "నాన్నా, ఘాట్ రోడ్డు మీదున్నాను, తరవాత" అన్నాడు. వాడి జీవితమంతా ఘాట్ రోడ్డు మీదే ఉంది కాబోలు, ఆ తరవాత అనేది రాలేదు. వియ్యంకుడి దగ్గరికి వెళ్ళాను. "అప్పుడేమో పంపీసినారు, ఇప్పుడు గుంటని కూడా లాక్కోడానికొచ్చినావా?" అన్నాడు. అరుగు మీద కూర్చోమని కూడా అనలేదు. కాళ్ళు ఈడ్చుకుంటూ తిరిగొచ్చాను. దారిలో వలిసె చేలు పచ్చగా పూసి ఉన్నాయి. ఫొటోలు తీసుకునే జనం నన్ను పక్కకి జరగమన్నారు.

ఇక మిగిలింది కోడలు. కాఫీ పళ్ళు కోసే రోజుల్లో ఆవిడ పని చేసే తోటకే వెళ్ళాను. నడుముకి బుట్ట కట్టుకుని, కొమ్మ వంచి ఎర్రటి పళ్ళు తుంచుతోంది. నన్ను చూసి కొమ్మ వదల్లేదు.

"ఏటి మావా, ఇంత దూరం వొచ్చినావు?"

నేను మొదలుపెట్టాను. పాత పద్ధతి గురించి, కోత గురించి, ఆ ఒక్క కోత దాకా ఆగి ఉంటే పిల్లలెవరిని వదల్లేరో మనకి తెలిసేదని చెప్పాను. చాలాసేపు చెప్పినట్టున్నాను. ఆవిడ బుట్ట సగానికొచ్చింది.

"మావా, నీ పద్ధతి మంచిదే. మా సిన్నమ్మని కూడా కోత దాకా ఉండమన్నారు. కోత అయ్యీతలికి దాని సెయ్యిరిగింది. ఆ ఇరిగిన సెయ్యితోటే కోసింది. నీ పేపర్లల్లో అది రాసినారా?"

ఆ చిన్నమ్మ ఊరికి నేనూ వెళ్ళినవాణ్ణే. ఆ చెయ్యి చూసినవాణ్ణే. చెట్టు మీంచి పడిందని చెబితే నమ్మాను. నాకు మరపురాదని చెప్పుకుంటాను కదా, నాకు గుర్తున్నది నిలబడిన కాపురాలు. కొన్నిటికి నిలబడ్డానికి ఏం ఖర్చయిందో నేను అడగలేదు.

"నా కొడుకు నీ మీద చెయ్యెత్తాడా?" అన్నాను.

"నేదు. ఎత్తడానికి ఇంట ఉంటే కదా," అని నవ్వింది. ఆ నవ్వులో నీరసం నాకు నా నీరసంలాగే కనబడింది.

"పద్ధతి మాట వదిలెయ్యి. పిల్లల మాట చెప్పు. ఇద్దరూ ఒక్కచోట ఉండాలి. ఒకే పొయ్యి దగ్గర తినాలి. అంతే నేనడిగేది."

"సూద్దాం మావా."

"ఎన్నాళ్ళు చూస్తావమ్మా? నేను చూస్తూ ఉండగానే వాళ్ళు పరాయివాళ్ళయిపోతున్నారు."

ఆవిడ కొమ్మ వదిలింది. "వొచ్చే సంతకి సెప్తాను," అంది.

ఆ వారమంతా నేను కుదురుగా లేను. మూల పడి ఉన్న మంచానికి కొత్త నులక అల్లించాను, మనవరాలికని. వంటింట్లో కారుతున్న చోట పెంకు మార్పించాను. మనవడికి చెప్పలేదు, ఆశపడతాడని. చెప్పకపోయినా మంచం చూసి వాడే అడిగాడు, "అక్కకేనా?" అని.

సంత రోజున కోడలు అల్లం బస్తాల పక్కన, నీడలో కూర్చుని ఉంది. పిల్లలిద్దరూ కాస్త దూరంలో కోడిపిల్లల గంప దగ్గర నిలబడ్డారు, మధ్యలో మూడో మనిషి పట్టేంత జాగా వదిలి. నేను కూర్చున్నాను. ఆవిడ చెప్పింది. నేను విన్నాను. ఎదురు చెబుదామని నోరు తెరిచాను. వంశం అందామనుకున్నాను, మగపిల్లాడు అందామనుకున్నాను. బావ మాటలే నా నోట్లోకి వస్తున్నాయని తెలిసి నోరు మూసుకున్నాను. మర్నాడు మనవడి బట్టలు సంచిలో సర్ది నేనే తీసుకెళ్ళి దింపి వచ్చాను. ఇన్నాళ్ళూ ఇంతమందిని అడిగి తిరిగితే, చివరికి నాకు దొరికిన జవాబు ఇది:

"పిల్లలిద్దరూ ఒక్క కాడ ఉండాలని ఇన్ని నాళ్ళుగా నువ్వొక్కడివే అడిగినావు మావా, ఇంకెవులూ అడగనేదు. ఆ మాట నాను కాదనను. గుంటడిని నా కాడికి పంపీయి. నువ్వడిగింది ఒక్క కాడ ఉండాలనే కదా, నీ ఇంటే ఉండాలని కాదు కదా."