జీడితోటలో తీసిన ఫొటో

రాజకుమారి కెమెరా పట్టింది పెళ్ళయిన చాలా ఏళ్ళకి. భర్త ఢిల్లీరావుకు కాశీబుగ్గ బజారులో చిన్న స్టూడియో ఉండేది. ఒకసారి టెక్కలిలో బస్సు దిగబోయి పడితే అతని మోకాలు విరిగింది. అతికింది గాని మళ్ళీ వంగలేదు. ఊళ్ళు తిరిగే పని ఆగిపోయింది. అప్పటికే ఫొటోలు కడగడం నేర్చిన రాజకుమారి, కొడుకుని భర్త దగ్గర వదిలి, కెమెరా మెడలో వేసుకుని, సముద్రం పక్క తోటల సీమ ఉద్దానం వెళ్ళే బస్సెక్కింది.

మగవాడి ముందు తలెత్తని కోడళ్ళు ఆవిడ ముందు పళ్ళు కనబడేలా నవ్వేవారు. కొబ్బరిపీచు ఒలిచే ముసలమ్మల్నీ, వలలు ఆరబెట్టే వాళ్ళనీ, జీడిపిక్కలు కొట్టి వేళ్ళు నల్లబడ్డ ఆడపిల్లల్నీ తీసేది. ఏ ఊరెళ్ళినా అక్కడి గుడి కూడా ఒకటి తీసుకునేది. కొనేవాళ్ళుండేవారు. కొనకపోయినా తీసేది; ఆ చోట్లంటే ఆవిడకి ఇష్టం.

అరవై ఎనిమిది వేసవిలో వజ్రపుకొత్తూరు దాటి, సముద్రం ఒడ్డున ఒక పల్లెకు వెళ్ళింది. ఎల్లాజీ అనే రైతు ఇంటిల్లిపాదికీ ఫొటో కావాలన్నాడు. తల్లి కాసులమ్మ, భార్య అప్పలమ్మ, ఆరేళ్ళ కూతురు దాలమ్మ, చంటివాడు, అందరూ నిలబడ్డారు. పని అయ్యాక రాజకుమారి జీడితోటలోని అమ్మవారి గుడి దగ్గరికి నడిచింది. మట్టిగోడలు, తాటాకు కప్పు. పూజారి సన్యాసయ్య అరుగు మీద కూర్చున్నాడు.

"బయట తీసుకోమ్మా. లోపల తల్లి ముకం మాత్రం తియ్యకు," అన్నాడు.

సరేనంది. దూరంగా జరిగి, కెమెరా అద్దంలోకి తల వంచి చూస్తుండగా దాలమ్మ పరుగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడింది. వెనక మూసి ఉన్న గుడి తలుపు గాలికి తెరుచుకుంది. రాజకుమారి వేలు అప్పటికే నొక్కేసింది.

ఆ రీలు కడిగి ప్రింటు వేసినప్పుడు ఎర్రదీపం కింద మందునీళ్ళలో ఆ ఫొటో మెల్లగా తేలింది. దాలమ్మ కదిలినట్టుంది, ముఖం అలుక్కుపోయింది. కళ్ళూ లేవు, నోరూ లేదు. ఆ పిల్ల భుజం మీదుగా అమ్మవారి వెండికళ్ళు మాత్రం స్పష్టంగా చూస్తున్నాయి. ఆరాక రాజకుమారి దాన్ని సొరుగు అడుగున పెట్టింది. ఫొటో భర్తకు చూపించలేదు.

కొన్నాళ్ళకు ఎల్లాజీ స్టూడియో మెట్ల దగ్గర నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

"గుంటకి తల్లొచ్చీసిందమ్మా. ఒల్లంతా పోసీసింది. గుడికాడ తీసినావు సూడు, ఆ పోటో అట్టుకుని నిన్ను రమ్మంతంది మాయమ్మ."

గుంట అంటే దాలమ్మ, తల్లి అంటే మశూచి. "ఫొటో అతని చేతికిచ్చి పంపు. నువ్వెళ్ళకు. ఏం చేస్తారో తెలీదు," అన్నాడు ఢిల్లీరావు. రాజకుమారికీ వెళ్ళాలని లేదు. కానీ ముఖం లేని ఆ బొమ్మ కళ్ళముందు నుంచి పోలేదు. చిన్నప్పుడు పొడిపించుకున్న టీకా మచ్చలు జాకెట్టు కింద తడుముకుని, ఎల్లాజీ వెంట బస్సెక్కింది.

ఊరు చప్పుడు లేకుండా ఉంది. ప్రతి గుమ్మానికీ వేపమండలు. మొన్న నవ్వుతూ ఫొటోకు నిలబడ్డ ఆడవాళ్ళు ఆవిణ్ణి చూసి తలుపులు వేసుకున్నారు. గుడి దగ్గర కాసులమ్మ జుట్టు విరబోసుకుని కూర్చుంది.

"ఆ పెట్టిలోకి తల్లిని లాగీసినావు. ఆయమ్మ కోపం నా మనవరాలి మీద పడిపోనాది."

రాజకుమారి సంచి విప్పింది. ఫొటో, నెగెటివ్ రెండూ సన్యాసయ్య చేతిలో పెట్టింది. ఆయన వాటిని కర్పూరం మంటలో పడేశాడు. నెగెటివ్ చురచురమంటూ ముడుచుకుపోయింది. ఇక వెళ్ళొచ్చనుకుని లేస్తుంటే కాసులమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఎక్కడికి? తల్లి దిగి, గుంటకి నీల్లు పోసినవరకూ నువ్వు కదలకూడదు. దానికేటైనా అయితే నువ్వే జవాబు సెప్పాల తల్లికి."

అలా రాజకుమారి ఎల్లాజీ ఇంటి వసారాలో ఉండిపోయింది. బస్సు కండక్టరు చేత భర్తకు కబురు పంపింది: పోలీసుల్ని మాత్రం తేవద్దని. ఆ ఏడాది ఉద్యమంవాళ్ళ కోసం వెతికే పోలీసు జీపు ఆ పక్క కనబడితే మగవాళ్ళంతా తోటల్లోకి పారిపోతున్నారు. జీపు తెచ్చింది ఈవిడేనని తెలిస్తే, ఆపైన ఆలోచించలేకపోయింది.

లోపల దాలమ్మ అరిటాకు మీద పడుకుని మూలుగుతుండేది. రాజకుమారి వేపమండతో విసిరేది. మూలుగు ఆగితే భయం, హెచ్చితే భయం. ఎదురింట్లో ఒక పిల్లాడు పోయిన రోజు, వీధిలో జనం ఈ వసారా కేసే చూస్తూ నిలబడ్డారు. ఎవరూ ఏమీ అనలేదు. అంటే బాగుండుననిపించింది.

ఒక మధ్యాహ్నం టీకాల మనిషి సైకిలు మీద వచ్చాడని కేక వినబడింది. తల్లి ఊళ్ళో ఉండగా సూది పొడిపించుకుంటే మరింత ఆగ్రహిస్తుందని, పిల్లల్ని ఎత్తుకుని అందరూ తోటల్లోకి పరుగెత్తారు. కాసులమ్మ గుడికి వెళ్ళింది. అప్పలమ్మ చంటివాణ్ణి ఎత్తుకుని రాజకుమారి ముందు నిలబడి, అక్కను పిలిచినట్టు పిలిచింది.

"అప్పా, నువ్వు రోజూ దాన్ని ముట్టుకుంతన్నావు. నీకేటీ అవనేదు. ఎందుకు?"

రాజకుమారి జాకెట్టు చెయ్యి పైకి లాగి మచ్చలు చూపించింది.

"నా కొడుక్కి ఏయించీనా?"

వేయించమంటే, వాడికేదైనా అయితే? వద్దంటే? రాజకుమారి జాకెట్టు చెయ్యి కిందికి లాక్కుంది.

"వేయించు," అంది చివరికి. "నేనూ వస్తాను."

పెరటిదారిన వెళ్ళి వేయించుకొచ్చారు. ఆ వారంలోనే వాడికి జ్వరం వచ్చింది, చెయ్యి వాచింది. మనవడు కాగిపోతున్నాడని కాసులమ్మ గుండెలు బాదుకుంది. అత్త చొక్కా విప్పి టీకా చూడకుండా అప్పలమ్మ వాణ్ణి పొత్తిళ్ళలో చుట్టి, ఎవరికీ ఇవ్వకుండా కూర్చుంది. ఆడవాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయారు. మర్నాటికి జ్వరం జారింది. పాలు తాగాడు. అప్పలమ్మ గోడ వైపు తిరిగి ఏడ్చింది.

దాలమ్మ బతికింది. పొక్కులు మాడి రాలాక వేపాకు నీళ్ళు పోశారు. ఎడమ కంట్లో పువ్వు వేసింది. ఆ కంటికి చూపు మళ్ళీ రాలేదు. ఆ వీధిలో ముగ్గురు పిల్లలు పోయారు. చంటివాడి మీద ఒక్క పొక్కూ లేవలేదు.

"తల్లి దయ. ఇంక ఎల్లిపో. మల్లీ మా ఊరు రాకు," అంది కాసులమ్మ.

రాజకుమారి ఇంటికొచ్చాక కూడా చాలా రోజులు తన కొడుకుని దగ్గరికి రానివ్వలేదు. వాడు తలుపు అవతల ఏడుస్తుంటే ఇవతల కూర్చుని చేతులు వాసన చూసుకునేది. తన కెమెరా వల్ల ఎవరికీ జబ్బు రాదని ఆవిడకి తెలుసు. భర్త అడిగితే అదే చెప్పేది. చెప్పి, లేచి వెళ్ళి చేతులు మళ్ళీ కడుక్కునేది.

వానలు వెలిశాక మళ్ళీ ఊళ్ళు తిరగడం మొదలుపెట్టింది. మొదట హరిశ్చంద్రపురం పక్కకు వెళ్ళింది, ఉద్దానం వైపు కాదు. గుళ్ళూ తీసేది. కాకపోతే ఎవరు పిలిచినా ముందు గుడి తలుపు మూయించి, గొళ్ళెం తానే స్వయంగా లాగి చూసుకుని, అప్పుడు ఫొటో తియ్యడానికి వెనక్కి నడిచేది.