రౌజన్ అనే మాట

నా పీహెచ్‌డీ మూడో అధ్యాయం గైడు దగ్గర నుంచి తిరిగొచ్చిన రోజు ఉదయం నేను ఒక్కచోట కుదురుగా కూర్చోలేకపోయాను. సోఫాలో కాసేపు, వంటింటి గట్టు దగ్గర నిలబడి కాసేపు, స్కూలుకు వెళ్ళిన పాప మంచం అంచున కాసేపు, లాప్‌టాప్ చేతిలో పట్టుకుని అదే వాక్యం చదువుతూ ఇల్లంతా తిరిగాను. మా గైడు రాసింది ఒక్క ప్రశ్నే. ఉర్దూ కవితలను మూలంలో విన్నావా అని.

వినలేదు. నాకు ఉర్దూ రాదు. ఆధునిక కవిత్వంలో ప్రతీకలు నా పరిశోధన అంశం. ఆ అధ్యాయంలో ఒక తెలుగు కవినీ ఒక ఉర్దూ కవినీ పక్కపక్కన పెట్టి, ఇద్దరి కవితల్లోని కిటికీని పోల్చాను. తెలుగు కవి కిటికీ దగ్గర నిలబడితే వీధి కనిపిస్తుంది, ఊరేగింపు కనిపిస్తుంది, దూరంగా పోయే రైలు కనిపిస్తుంది. ఉర్దూ కవి దగ్గర ఇవేవీ లేవు, కానీ కిటికీ మాత్రం పదేపదే వస్తుంది. ఇంగ్లీషు అనువాదం ముందు పెట్టుకుని, ఇద్దరికీ కిటికీ స్వేచ్ఛకు ప్రతీక అని పది పేజీలు రాశాను. కాకినాడ వదిలి, పాప పుట్టి, ఖతార్ వచ్చి, మళ్ళీ మళ్ళీ గడువు పొడిగించుకుంటూ రాసుకున్న పేజీలవి. వచ్చే నెలాఖరుకల్లా ఈ అధ్యాయం ఆమోదం పొందకపోతే రిజిస్ట్రేషన్ రద్దు చేస్తామని యూనివర్సిటీ వాళ్ళు అప్పటికే రాసేశారు.

ఉర్దూ చదివేవాళ్ళ కోసం తెలిసినవాళ్ళనల్లా అడిగాను. హైదరాబాద్ వాళ్ళు చాలామంది మాట్లాడతాం కానీ చదవడం రాదన్నారు. చివరికి దోహాలో అల్ దోహా అల్ జదీదా అనే పేటలో, నేను జాకెట్లు వదులు చేయించుకునే కుట్టు దుకాణంలో దొరికింది ఆవిడ. యాభై దాటిన మనిషి, ఊరు బోధన్. అబాయాలనే నల్లటి పై అంగీలకు అంచులు కుడుతూ పక్కామెతో దక్కనీ ఉర్దూలోనూ నాతో తెలుగులోనూ మాట్లాడేది. మిషన్ మీద మడిచి పెట్టిన ఉర్దూ పత్రిక చూసి, కవిత్వం కూడా చదువుతారా అని అడిగాను. చదివేదానికంటే విన్నది ఎక్కువని చెప్పింది. శుక్రవారం పొద్దున దుకాణం తీయరు కాబట్టి ఆ పూట అల్ హిలాల్‌లో మా ఇంటికి రావడానికి ఒప్పుకుంది. డబ్బు మాటెత్తితే ముఖం చిట్లించింది. అప్పటి నుంచి నేను ఆవిడను ఆపా, అంటే అక్కా, అన్నాను, ఆవిడ నన్ను చెల్లె అంది.

మొదటి రెండు శుక్రవారాలు బాగా గడిచాయి. ఆపా కళ్ళజోడు సర్దుకుని ఒక్కో పాదం రెండుసార్లు చదివేది. మొదటిసారి తన కోసం, రెండోసారి నా కోసం. తర్వాత తెలుగులో అర్థం చెప్పేది. మూడో శుక్రవారం కిటికీ కవితకు వచ్చాం. సగం చదివి ఆగిపోయింది. దీన్ని ఏమని రాశావని అడిగింది. కిటికీ అని చెప్పాను.

"ఇది కిటికీ కాదు చెల్లె. ఈడ రౌజన్ అన్నడు. గోడకు మీద, మనిషికి అందనంత ఎత్తుల ఇడిసిపెట్టిన బొక్క. దాంట్ల నుంచి బయటికి చూడరాదు. బయటి నుంచి ఎల్గు లోపటికి వస్తది, అంతే."

అనువాదం లాక్కుని చూశాను, అందులో విండో అనే ఉంది. చూపు బయటికి వెళ్ళే చోటు ఒకటి, వెలుతురు లోపలికి దిగే చోటు ఇంకొకటి. మొదటిచోట మనిషికి కాళ్ళు కదులుతాయి. రెండోచోట మనిషి తలెత్తి ఎదురుచూడటం తప్ప చేయగలిగింది లేదు. రెండింటినీ కలిపి స్వేచ్ఛ అని పేరు పెట్టి పది పేజీలు నడిపించాను. అది ఒప్పుకోవడానికి బదులు వాదనకు దిగాను. అనువాదకుడు పెద్ద పండితుడని, ప్రతీక అంటే వస్తువు కాదని, చిన్న రంధ్రమైనా పెద్ద కిటికీ అయినా భావం ఒకటేనని గట్టిగా మాట్లాడాను. ఆపా కాసేపు విని పుస్తకం మూసింది.

"భావం ముందే రాసుకున్నవు గదా. మరి నన్నెందుకు చదవమన్నవు?"

కోపంగా అనలేదు. కళ్ళజోడు పెట్టెలో పెట్టుకుని, చెప్పులేసుకుని, భర్త కిందికి వచ్చుంటాడని చెప్పి వెళ్ళిపోయింది.

తర్వాతి శుక్రవారం పనుందని నేనే మెసేజ్ పెట్టాను. అబద్ధం. ఆ వారమంతా లాప్‌టాప్ తెరిచేదాన్ని, మూసేదాన్ని. ఉతికిన బట్టలే మళ్ళీ ఉతికాను. పాప హోంవర్కు మీద విసుక్కున్నాను. అధ్యాయం ఉన్నదున్నట్టు పంపేసి, మూలం విన్నానని ఒక్క వాక్యం చేరిస్తే సరిపోతుంది. నిజంగానే విన్నాను కదా. ఆ వాక్యం టైపు చేశాను కూడా. పంపే మీట మీద వేలు పెట్టి తీసేశాను. పాలు పొంగి పొయ్యి మీద పడుతున్నాయని అరిచింది పాప. నేను పొయ్యి పక్కనే నిలబడి ఉన్నాను.

గడువుకు ఇంకా ఆరు రోజులే ఉన్నాయి. శుక్రవారం సాయంత్రం దుకాణానికి వెళ్ళాను. ఆపా లేదు. ఆవిడ భర్త దోహాకు అవతల ఉమ్ సలాల్‌లో ఒక ఖతారీ కుటుంబానికి డ్రైవరు. వాళ్ళింట్లో పెళ్ళి బట్టల పనుండి ఆపా రెండు వారాలు అక్కడే ఉంటుందని పక్కామె చెప్పింది. మా ఆయన్ని బతిమాలి శనివారం కారులో బయలుదేరాను. ఏం చెప్పాలో దారంతా మనసులో కూర్చుకుంటూనే ఉన్నాను. ఒక్క మాటా నిలవలేదు.

విల్లా ప్రహరీ లోపల, పనివాళ్ళ వరసలో చివరి గది వాళ్ళది. ఎక్కడో ఎత్తున ఒక రంధ్రం కనిపిస్తుందేమోనని నా కళ్ళు గోడల మీదికి పోయాయి. ఆ గదికి రెండు పెద్ద కిటికీలున్నాయి. ఆపా ఒకదాని పక్కన మిషన్ వేసుకుని కూర్చుంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. స్టూలు మీది గుడ్డలు తీసి కూర్చోమంది.

"తప్పు నాదే ఆపా. మీరు చెప్పిందే నిజం. ఆ పది పేజీలు తీసేస్తున్నాను," అన్నాను.

ఆవిడ దారం కొరికి పక్కన పెట్టింది. తప్పొప్పుల సంగతి తనకు తెలియదంది. కానీ ఆ మాట తనకు ఎలా తెలుసో చెప్పింది.

బోధన్‌లో వాళ్ళ తండ్రి స్కూలు టీచరు. ఆదివారాలు ముందు గదిలో స్నేహితులు చేరి కవిత్వం చదువుకునేవారు. ఆడపిల్లలకు ఆ గదిలోకి అనుమతి లేదు. మధ్య గోడకు పైన ఒక రౌజన్ ఉండేది. పదేళ్ళ ఆపా బియ్యపు డబ్బా ఎక్కినా అది అందేది కాదు. అందుకని దాని కింద నేల మీద కూర్చునేది. అలా విన్న కవితలు ఇప్పటికీ కంఠతా వచ్చు. వాటిలో చాలావాటిని కాగితం మీద ఇంతవరకూ చూడలేదు. ఎవరు రాశారో కూడా కొన్నింటికి తెలియదు.

"మా నాయిన పోయేదాంక ఆయనకు ఎరుక లేదు, నాకిన్ని వస్తయని."

"చెప్పలేదా ఎప్పుడూ?"

"ఆయన అడగలే, నేను చెప్పలే."

అంతలోనే, సిగ్గుచేటు, ఇది అధ్యాయంలోకి ఎలా వస్తుందా అని మనసు లెక్కలేసుకోవడం మొదలుపెట్టింది. రాసుకోవచ్చా అని అడిగాను కూడా. ఆపా అంచు చివరిదాకా కుట్టింది. మాట రాసుకోమంది, తన ఇంటి సంగతి రాయొద్దంది. ఇన్నేళ్ళ తర్వాత ఇప్పుడు ఈ పేజీల్లో ఆ సంగతి రాస్తానని అడిగితే, నవ్వి సరే అంది. ఊరి పేరుంటే చాలు, తన పేరు వద్దంది.

ఆ తర్వాత నాలుగు రోజులూ రాశాను. పది పేజీలు పోయి వాటి చోట ఐదు వచ్చాయి. తెలుగు కవి కిటికీని దాని వీధితో, దాని రైలుతో అక్కడే వదిలేశాను. ఉర్దూ కవి రౌజన్‌ను తెలుగు చేయకుండా ఆ మాటతోనే రాశాను. పోలిక అంటే రెండింటినీ ఒకటి చేయడమని అంతకాలం అనుకున్నాను. ఆ ఐదు పేజీల్లో ఎంత విడదీస్తే అంత తెలుస్తూ వచ్చింది. పంపాక కూడా నిలకడ లేదు. పాపను పార్కుకు తీసుకెళ్ళి ఉయ్యాల ఊపుతూ ఫోన్ చూసుకుంటూనే ఉన్నాను.

గడువు రోజున గైడు జవాబు వచ్చింది. ఆమోదించారు. అయితే మిగతా అధ్యాయాల్లో పడవ, దీపం, దారి ఉన్నాయి కదా, వాటినీ ఇలాగే వినమన్నారు. సంతోషించాలో కుంగిపోవాలో తెలియలేదు. ఆపాకు ఫోన్ చేసి చెప్పాను.

పెళ్ళి పని ముగించుకుని తర్వాతి శుక్రవారం మా ఇంటికి వచ్చింది. ముందు దీపం మొదలుపెడదామన్నాను. దీపానికి ఉర్దూలో ఎన్ని మాటలున్నాయని అడిగాను. ఆపా వేళ్ళు మడవడం మొదలుపెట్టి, ఒక చెయ్యి అయిపోయాక ఆగి, ముందు చాయ్ పెట్టమంది.