పుర్రచేతి రఫూ

బట్టకి చిల్లు పడితే, అదే రంగు దారంతో పడుగూ పేకా కలిపి, అక్కడ చిల్లన్నదే లేదన్నట్టు నెయ్యడం రఫూ. ఆమె ఆ పనిలో నలభై ఏళ్లుగా చెయ్యి తిరిగిన మనిషి. వీధిలో పిల్లలూ పెద్దలూ అందరూ ఆమెని రఫూ అమ్మ అనే పిలిచేవారు. ఇస్త్రీ కొట్టు పక్కన మెట్ల కింద ఆమె దుకాణం. ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక కిటికీ, అంతే.

రెండో కుర్చీ కూతురిది. కూతురిది ఎడంచేతి వాటం. తల్లి ఆమెని పేరు పెట్టి పిలిచిన రోజు లేదు. మామూలుగా అయితే "పుర్రా", కోపం వస్తే "ఒసే పుర్రచేతిదానా". కూతురికి నలభై దాటినా ఆ పిలుపు మారలేదు.

డెబ్బై ఏళ్లు వచ్చేసరికి తల్లి కుడికంట్లో శుక్లం ముదిరింది. ఎడమ కన్ను కూడా అదే దారి పట్టింది. ఆమె మాత్రం ఒప్పుకోలేదు. తప్పంతా ఒకరోజు బల్బుది, ఒకరోజు కిటికీ అద్దానిది. "పుర్రా, ఆ అద్దం తుడిచి ఎన్నాళ్లయిందే? పట్టపగలే చీకటిగా ఉంది" అనేది. కూతురు నిన్ననే తుడిచిన అద్దాన్ని మళ్లీ తుడిచేది.

రెండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం, భోజనమయ్యాక తల్లి కుర్చీలోనే గోడకి తల ఆనించి కునుకు తీస్తోంది. ఆమె పొద్దున ముగించిన బూడిదరంగు ప్యాంటుని మడతపెడుతూ కూతురు ఆగిపోయింది. మోకాలి దగ్గర మట్టిరంగు దారంతో నేసి ఉంది. ఒకచోట రెండు పోగులు వదిలేసి, ఇంకోచోట మూడు కలిపేసి, వాన పడ్డ ముగ్గులా ఉంది. ప్యాంటు మనిషి ఐదింటికి వస్తాడు. కూతురు చప్పుడు కాకుండా దాన్ని ఒళ్లో వేసుకుని, అంతా విప్పి మళ్లీ నేసింది.

ఐదింటికి ఆయన వచ్చి, ప్యాంటుని వెలుతురుకి పట్టి చూశాడు. "అమ్మ చెయ్యి అంటే చెయ్యే! చిల్లు ఎక్కడుందో వెతుక్కోవాలి" అన్నాడు.

"చేతిలో పని ఉండాలి గానీ బాబూ, కళ్లదేముంది" అంది తల్లి. ఆయన నవ్వాడు. కూతురూ నవ్వింది.

అలా మొదలైంది. తర్వాత ప్రతి మధ్యాహ్నం తల్లి కునుకు తీయడం, కూతురు విప్పి నెయ్యడం అలవాటైపోయింది. తల్లి ఎంత సేపు నిద్రపోతే దుకాణం పరువు అంత నిలిచేది.

కంటి డాక్టరు కుడికంటికి ఆపరేషన్ చెయ్యాలని ఎనిమిది నెలల కిందటే చెప్పింది. షుగరు ఎక్కువగా ఉందని, ముందు దాన్ని దించుకుని రమ్మంది. అది రెండు నెలల్లో దిగింది. డబ్బూ ఉంది, తల్లి దాచుకున్నదే. మిగతా ఆరు నెలలూ కూతురే జరిపింది. వానలంది, పని ఎక్కువుందంది, ఆ డాక్టరు సెలవులో ఉందని ఒకసారి అబద్ధం కూడా చెప్పింది. కన్ను బాగుపడితే తల్లి అన్నీ చూస్తుంది. ఏ చేతిని చూసుకుని ఇంత కాలం తలెత్తుకుని బతికిందో, ఆ చెయ్యి ఏం చేస్తూ వచ్చిందో కూడా చూస్తుంది. కూతురికి ఆ రోజంటేనే భయం.

చివరికి తల్లి ఒక పొద్దున మెట్టు కనపడక జారి పడింది. ఎముక విరగలేదు గానీ మోకాలు చీరుకుపోయింది. ఆ గాయం కడుగుతూ కూతురు ఇంక తనని తాను మోసం చేసుకోలేకపోయింది. మర్నాడే ఇద్దరూ ఆసుపత్రిలో ఉన్నారు.

కౌంటరు దగ్గర అమ్మాయి మూడు రకాల లెన్సులు, మూడు ధరలు చెప్పింది. ఖరీదైనది వేయించుకుంటే దూరమూ దగ్గరా రెండూ చాలావరకు కళ్లజోడు లేకుండానే కనిపిస్తాయట. మామూలుదైతే దూరం బాగుంటుంది, దగ్గరి పనికి కళ్లజోడు కావాలి.

"గుడ్డికన్ను కన్నా మెల్లకన్ను నయం. మామూలుదే రాయి తల్లీ" అంది రఫూ అమ్మ. "కళ్లజోడు ముప్పై ఏళ్లుగా ముక్కు మీదే కాపురం ఉంది. దాన్ని ఇప్పుడెందుకు వెళ్లగొట్టడం?"

లెన్సు, ఆపరేషన్, ఒక రోజు గది అన్నీ ఒకే మొత్తం. పరీక్షలకీ, తర్వాత నెల రోజుల చుక్కల మందుకీ, కొత్త కళ్లజోడుకీ వేరే. ఆ వేరేవన్నీ కలిపితే మొదటి మొత్తంలో పావు వంతయింది. కూతురు ముందే అడిగి తెలుసుకుంది కాబట్టి సరిపోయింది. రక్తపరీక్ష, బీపీ, కంటి కొలత అయ్యాక నర్సు కూర్చోబెట్టి జాగ్రత్తలు చెప్పింది. వంగకూడదు. బరువులెత్తకూడదు. రెండు వారాలు తలస్నానం వద్దు, సూది పని వద్దు. నిద్రలో కంటికి ప్లాస్టిక్ మూత పెట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం, నెల రోజులు కన్ను నలపకూడదు.

"ఏడవొచ్చా?" అని అడిగింది తల్లి.

నర్సు నవ్వింది. "ఏడవొచ్చమ్మా. తుడవకూడదు."

ఆపరేషన్ రోజు పొద్దున్నించీ కంటిపాప విప్పారడానికి చుక్కలు వేస్తూనే ఉన్నారు. లోపలికి తీసుకెళ్లాక అరగంట కూడా పట్టలేదు. బయట బెంచీ మీద కూతురు తన కోటు చేతులు పట్టుకుని లాక్కుంటూ కూర్చుంది. అది నీలం ఉన్ని కోటు. చలికాలమంతా అదే వేసుకునేది. దాని మోచేతి దగ్గర పడ్డ చిల్లుని పోయినేడు తల్లే పట్టుబట్టి నేసింది. ఊళ్లోవాళ్ల బట్టలన్నీ విప్పి మళ్లీ నేసిన కూతురు ఆ ఒక్కదాన్నీ ముట్టుకోలేదు. తనకోసం చేసింది కదా, విప్పబుద్ధి కాలేదు. అలవాటు కొద్దీ మర్నాడు కూడా దాన్నే తగిలించుకుంది. అదే ఆమె చేసిన పొరపాటు.

మర్నాడు డాక్టరు కట్టు విప్పింది. ఎన్ని వేళ్లో అడిగింది. "మూడు. చిటికెన వేలికి సిరా అంటింది, కడుక్కో" అంది తల్లి. డాక్టరు పకపకా నవ్వింది. తల్లి గదంతా కలయజూసింది. గోడ తెల్లగా ఉందని ఆశ్చర్యపోయింది. కూతురి మొహం చూసి "ఇన్ని తెల్లవెంట్రుకలు ఎప్పుడొచ్చాయే?" అంది. ఆ తర్వాత చూపు మోచేతి మీదికి దిగి, అక్కడే ఆగింది.

నీలం మీద ఆకుపచ్చ. అరచెయ్యంత మేర.

"ఎవరే ఈ పని చేసింది?"

కూతురు మోచెయ్యి వెనక్కి తీసుకోబోయింది. తల్లి ఆ చేతిని దగ్గరికి లాక్కుని, బొటనవేలితో ఆ అతుకు మీద ఒకసారి రాసింది.

"నేనే కదూ" అంది.



ఇంట్లో కూతురు మందు సీసాలకి దారం కట్టింది. మొదటిదానికి ఒక ముడి, రెండోదానికి రెండు. మొదటిది వేశాక ఐదు నిమిషాలాగి రెండోది వెయ్యాలి. తను లేనప్పుడు తల్లి తడిమి తెలుసుకోవడానికి ఆ ముళ్లు. "రఫూలో ముడి వెయ్యకూడదని మొత్తుకుని నేర్పాను. సీసాకి వేశావా?" అని ఎప్పటిలా దెప్పింది తల్లి. కూతురి గుండె కాస్త తేలికపడింది. ఆకుపచ్చ మాట అంతటితో పోయిందనుకుంది.

ఆరో రోజు దుకాణంలో తల్లి ఊరికే కూర్చుని ఉంది. లాయరుగారి నల్లకోటు బల్ల మీద ఉంది. ఆపరేషన్‌కి ముందు వారం తల్లి నేసి, మధ్యాహ్నం కూతురు మళ్లీ నేసిన కోటు. పాత కళ్లజోడు ఇప్పటి చూపుకి పనికిరాక, తల్లి ఆ కోటుని కిటికీ వెలుగులోకి ఎత్తి, దూరంగా పట్టుకుని చూసింది. పైన అతుకు కనపడలేదు. మెచ్చుకోలుగా తల ఊపి, లోపలివైపుకి తిప్పింది.

రఫూ చేసేవాళ్లు ముడి వెయ్యరు. దారం కొసల్ని లోపలివైపు కాస్త వదిలేస్తారు. కుడిచేతి వాళ్లకి ఆ కొసలు ఒక పక్కకి వాలి ఉంటాయి. పుర్రచేతి వాళ్లకి రెండో పక్కకి. ఇది బట్ట ఇచ్చినవాడికి తెలీదు, ఇస్త్రీ వాడికీ తెలీదు. ఆ గదిలో ఇద్దరికే తెలుసు.

"ఎన్నాళ్లనించి?" అంది తల్లి, కోటు మీంచి చూపు తిప్పకుండా.

"రెండేళ్లు."

"అన్నీనా?"

"అన్నీ కాదు. కొన్ని..." అని, కూతురు ఆగి, "అన్నీ" అంది. "కళ్లు కనపడకే కదమ్మా. ఇప్పుడు కన్ను బాగయిందిగా. పదిహేనో రోజు నుంచి నువ్వే చేసుకుందువు గాని."

ఆ మాట కూతురు ఓదార్పుకి అనలేదు, నమ్మే అంది. రెండేళ్లుగా ఆమె తప్పంతా కంటి మీదే వేసింది. తల్లి బల్బు మీద వేసినట్టే.

పదిహేనో రోజున డాక్టరు సూది పట్టుకోవచ్చంది. సూది పనికని తాత్కాలికంగా ఒక కళ్లజోడు రాసిచ్చింది. తల్లి ముందుగా ఆ నీలం కోటే అడిగి తీసుకుంది. పాత అతుకు అంతా కూతురి చేతే విప్పించింది. అంచు మడతలోంచి అచ్చమైన నీలం పోగు తనే ఎంచి లాగింది. సూది తీసుకుని దారం ఎక్కించింది. ఒక్క దెబ్బకి ఎక్కింది.

"చూశావా!" అంది. ఆ మొహంలో వెలుగు చూసి ఎన్నేళ్లో అయింది.

తర్వాత సూదిమొన బట్ట మీదికి వచ్చింది. ఒక్క పోగు లేపాలి. రెండు లేచాయి. వెనక్కి తీసింది. మళ్లీ పెట్టింది. ఈసారి మూడు లేచాయి. సూదిమొన పోగు మీద గాలికి ఊగే పురుగులా ఊగుతోంది. తల్లి ఎడమచేత్తో కుడి మణికట్టుని బిగించి పట్టుకుంది. నాలుగోసారి ప్రయత్నించింది. మసక పోయిన ఆ కంటికి ప్రతి వణుకూ విడివిడిగా కనపడుతూనే ఉంది.

"కన్ను కాదే" అంది చివరికి, మెల్లగా. "చెయ్యి."

కూతురు ఏదో అనబోయింది. "రెండో కన్ను కూడా చేయిస్తే..." అంది గానీ, ఆ మాట తనకే చేదుగా తగిలి మింగేసింది.

అప్పుడే లాయరుగారు వచ్చారు. కోటు వేసుకుని భుజం తడుముకుని, "ఎవరెన్ని చెప్పినా అమ్మ చెయ్యి పడాల్సిందే!" అన్నారు.

"నా చెయ్యి కాదు బాబూ" అంది రఫూ అమ్మ. "రెండేళ్లయింది నా చెయ్యి పడి. ఇది మా పుర్రది."

ఆయనకి అర్థం కాక ఇద్దరినీ చూసి, నవ్వాలో వద్దో తేలక, డబ్బు బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. తల్లి సూదిలోంచి దారం తీసి, వేలికి చుట్టి పెట్టెలో పెట్టింది. నీలం కోటుని చిల్లుతోనే మడతపెట్టి కూతురి ఒళ్లో ఉంచింది. తన కుర్చీని కిటికీ దగ్గర్నించి కొంచెం జరిపింది, వెలుతురు రెండో కుర్చీ మీద పడేలా.

చుక్కల వేళయింది. తల్లి తల వెనక్కి వాల్చింది. కూతురు ఒక ముడి ఉన్న సీసా మూత తీసి వంగింది. మందు ఇంకా పడనే లేదు, అప్పటికే కంటి కొస నుంచి నీళ్లు చెవి దాకా కారుతున్నాయి. తల్లి చెయ్యి కన్ను వైపు లేచింది. దారిలోనే ఆగి, వణుకుతూ మళ్లీ ఒళ్లోకి దిగింది.

తుడవకూడదని నర్సు చెప్పింది కదా.