చేతి మీద రాసిన టైము

మా వాడు నడిచాడండీ! కర్ర లేకుండా, నా చెయ్యి పట్టుకోకుండా, గుమ్మం నుంచి మిరపచేను గట్టుదాకా నడిచాడు. ఈ మాట అందరికంటే ముందు చెప్పాలని గుంటూరులో నర్సమ్మగారికి ఫోన్ చేశాను. ఆమె తమ్ముడు ఎత్తాడు. అక్క నిన్న పొద్దున పోయిందండీ అన్నాడు. ఇంత సంతోషం నోట్లో పెట్టుకుని, ఊఁ అని ఫోన్ పెట్టేశాను.

నిరుడు పత్తి ట్రాక్టరు తిరగబడి మా వాడు కింద పడ్డప్పుడు, ఆస్పత్రిలో ముందుగా వాడి చెయ్యి పట్టుకుంది ఆమే. కాలు విరిగిందని మేమంతా కాలునే చూస్తున్నాం. ఆమె పొట్ట నొక్కి చూసింది, నాడి చూసింది, బాల్‌పెన్నుతో వాడి ముంజేతి మీద టైమూ, నాడి ఎంతుందో ఆ అంకే రాసింది. కాసేపటికి మళ్ళీ వచ్చి కింద ఇంకో వరస రాసింది. మిర్చి బస్తా మీద మార్కు వేసినట్టు నా కొడుకు మీద ఈ రాతలేంటమ్మా అని విసుక్కున్నాను.

"బస్తాకి ఒక్కసారి తూకం వేస్తే చాలు పెద్దాయనా. మనిషిని మళ్ళీ మళ్ళీ చూడాలి" అంది, నవ్వకుండా.

వరస వరసకీ నాడి అంకె పెరుగుతోంది. నాలుగో వరస రాశాక పెద్ద డాక్టరుగారికి ఫోన్ చేసింది. వస్తాలే అన్నారట. ఆమె ఫోన్ పెట్టలేదు.

"లోపల రక్తం పోతోంది సార్. మీరు వచ్చేదాకా నేనీ మంచం దగ్గర్నుంచి కదలను."

ఆయన వచ్చారు. పొట్ట కోసి రక్తం ఆపారు. ఇంకో గంట ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నారు.

తర్వాత చూపించుకోవడానికి వెళ్ళినప్పుడల్లా మా వాణ్ణి "ఏవయ్యా నోటుపుస్తకం" అని పిలిచేది. మా చేలో పచ్చిమిర్చి పట్టుకెళ్తే వాసన చూసి మురిసిపోయేది. జేబులో ఎప్పుడూ రెండు పెన్నులుండేవి. ఎవరడిగినా ఇచ్చేది కాదు.

డ్యూటీకి వెళ్తుంటే ఆమె స్కూటరుని కారు గుద్దిందట. దగ్గర్లో ఉన్న వేరే ఆస్పత్రికి తీసుకెళ్ళారట. మాట్లాడుతూనే ఉందట. పొట్టలో నొప్పిగా ఉంది, నా నాడి చూడండమ్మా అని అడిగిందట. మెలకువగానే ఉంది కదా, స్కానుకి వంతు వస్తుందిలే అని ఓ పక్కన పడుకోబెట్టారట. మళ్ళీ ఎవరూ రాలేదు. టైముకి చూసుంటే బతికేదని తర్వాత అక్కడి డాక్టరే అన్నాడట.

నేనూ మా వాడూ వెళ్ళాం. ఐసు పెట్టెలో ఉంది. నేను మొహం చూడలేకపోయాను, చేతులు చూశాను. రెండు చేతులూ శుభ్రంగా ఉన్నాయి. ఒక్క పెన్ను గీత కూడా లేదు.

నాకు ఏడుపు రాలేదు. ఇప్పటికీ రావడం లేదు. వాడు నడిచిన సంగతి ఇంకా ఎవరికీ చెప్పలేదు. చెప్పాలి. అద్దంకిలో మా చెల్లెలికి. సత్తెనపల్లిలో వియ్యంకుడిగారికి. మా పెద్దమ్మాయికి. వాడి మేనమామకి. నర్సమ్మగారి తమ్ముడికి కూడా. ఆ రోజు ఫోన్ ఎందుకు చేశానో అతనికి చెప్పనే లేదు.